పాటలకు రసమట్టం

మచిలీపట్నానికి దగ్గరలో, సముద్రం వైపున, గిలకలదిండి అనే ఊరు ఉన్నది. అక్కడ చేపల రేవు ఉన్నది. మరపడవలు ఆ రేవు నుంచి వేటకు వెళ్ళి, ఒక్కొక్కసారి కొన్ని రోజులపాటు సముద్రం మీదనే ఉండి, తిరిగి ఆ రేవుకే వస్తాయి. రేవు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. మొగలో ఇసుక మేట వేసినప్పుడు పడవలు ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి రాలేవు. పోటు వచ్చి నీటిమట్టం పెరిగేదాకా బయట ఆగవలసిందే.

మొగ దగ్గర పడవ నడిపే సరంగు రెండు విషయాలు గమనిస్తాడు. ఒకటి అలల ఎత్తు, రెండవది నీటిమట్టం. అల ఎంత ఎత్తు లేచినా మరుక్షణం పడిపోతుంది. దాన్ని నమ్ముకుని ఇసుకమేట దాటటం సాధ్యం కాదు. పడవను మోసేది మట్టమే. అల వేరు, మట్టం వేరు. చిన్న అలలున్న రోజున మట్టం ఎక్కువగా ఉండవచ్చు. పెద్ద అలలు లేచిన రోజున మట్టం తక్కువగా ఉండవచ్చు.

ఈ తేడా బాగా గుర్తుంచుకోండి. మనం ఇప్పుడు చెప్పుకోబోయేది పడవలను గురించి కాదు, పాటలను గురించి. కాని పాటల్లో కూడా అచ్చంగా ఇదే తేడా ఉన్నది. అది తెలియకనే చాలామంది ఇంట్లో చేసుకున్న పాటల సీడీ సరిగా కుదరక విసుక్కుంటారు.

ఒక పాట గుసగుస, ఒక పాట అరుపు

మీ అమ్మా నాన్నా చదువుకునే రోజుల్లో పాటల సీడీలు చాలా వాడుకలో ఉండేవి. ఇప్పుడు పాటలు ఫోనుల్లోకీ, పెన్ డ్రైవుల్లోకీ వచ్చేశాయి. అయినా కంప్యూటరులో సీడీ తయారు చేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాత కారులోనో, తాతగారి గదిలోని పాటల పెట్టెలోనో అది ఇంకా పనికి వస్తుంది. ఇక్కడ చెప్పేదంతా సీడీకీ, పెన్ డ్రైవుకూ ఒకటే.

మీ తాతగారి పుట్టినరోజుకు ఒక సీడీ చెయ్యాలనుకున్నారనుకోండి. ఆయనకు ఘంటసాల వెంకటేశ్వరరావుగారంటే ఇష్టం. ఘంటసాల కృష్ణాజిల్లావారే, 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లి అనే గ్రామంలో పుట్టారు. మీరు 1951 నాటి పాతాళభైరవి నుంచి ఒక పాట, 1957 నాటి మాయాబజార్ నుంచి ఒకటి, 1963 నాటి లవకుశ నుంచి ఒకటి తీసుకున్నారు. ఘంటసాల పోయిన 1974లోనే విడుదలైన ఆయన భగవద్గీత నుంచి కొంత తీసుకున్నారు. మీ కోసం ఒక కొత్త సినిమా పాట చేర్చారు. అన్నిటికన్న ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది: ఎప్పుడో మీ నాయనమ్మ పాడగా క్యాసెట్టులో పట్టిన జోలపాట. ఆమె ఇప్పుడు లేదు. ఆ క్యాసెట్టు మటుకు బీరువాలో ఉన్నది.

ఇవన్నీ వరసగా సీడీలోకి ఎక్కించి పెట్టారు. మొదటి పాట బాగానే వినిపించింది. రెండవది మెల్లిగా ఉన్నది కనక మర కాస్త తిప్పారు. నాయనమ్మ పాట అసలు వినపడలేదు. మర ఇంకా తిప్పారు. ఆ పాట అయి కొత్త సినిమా పాట మొదలయేసరికి ఇల్లు అదిరిపోయింది! తాతగారు చెవులు మూసుకున్నారు. అందరూ మర కోసం పరిగెత్తారు.

ఇలా ఎందుకు జరిగింది? పాటలన్నీ ఒకే సీడీలో ఉన్నాయి గదా, ఒకే పెట్టెలోంచి వస్తున్నాయి గదా?

గాడి, టేపు, అంకె

పాటలు పుట్టిన చోట్లు వేరు. పాతాళభైరవి, మాయాబజార్ పాటలు బయటికి వచ్చిన రోజుల్లో ఇళ్ళలో గ్రామఫోను రికార్డులు ఉండేవి. అవి లక్క కలిపి చేసిన పళ్ళేలు, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషాల పాట పట్టేది. రికార్డు మీద సన్నని గాడి ఉంటుంది. పాట బిగ్గరగా ఉన్న చోట ఆ గాడి ఇటూ అటూ ఎక్కువగా ఊగుతుంది. మరీ ఎక్కువగా ఊగితే పక్క గాడిలో పడుతుంది. అంచేత రికార్డు చేసేవాళ్ళు చప్పుడును ఒక హద్దులో ఉంచవలసి వచ్చేది. తరువాత వచ్చిన పెద్ద రికార్డుల్లో ఒక్క వైపున ఎక్కువసేపు పట్టించాలంటే గాడులు ఇంకా దగ్గర దగ్గరగా వెయ్యాలి. అప్పుడు చప్పుడు ఇంకా తగ్గించాలి.

ఆ తరువాత 1963లో ఫిలిప్స్ కంపెనీవాళ్ళు క్యాసెట్టు తెచ్చారు. అందులో ఇనుము కలిసిన పొడి పూసిన సన్నని టేపు ఉంటుంది. పాట అయస్కాంత రూపంలో ఆ పొడిలో నిలుస్తుంది. టేపుకు తనదంటూ ఒక సుయ్యిమనే చప్పుడు ఉన్నది. ఇంట్లో చిన్న టేపురికార్డరు దూరంగా పెట్టి పాట పట్టితే ఆ పాట ఈ సుయ్యిమనే చప్పుడుకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. నాయనమ్మ పాట వినపడకపోవటానికి కారణం ఇదే.

సీడీలో గాడి ఊగటం లేదు, అయస్కాంతమూ లేదు. అందులో ఉండేవి అంకెలు! 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలవాళ్ళు కలిసి దీన్ని లోకానికి ఇచ్చారు. ధ్వని అంటే గాలిలో పుట్టే అలలే గదా. ఆ అల ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా సీడీలో రాస్తారు. అల పైకి లేచినప్పుడు అంకె సున్నకు పైన ఉంటుంది, కిందికి దిగినప్పుడు సున్నకు కింద ఉంటుంది. సీడీలో రాయగల అన్నిటికన్న పెద్ద అంకె 32,767. కిందివైపున 32,768. దానికి మించిన అంకెకు సీడీలో చోటు లేదు.

ధాన్యం కొలిచే కుంచాన్ని చూడండి. నిండేదాకా ఎంత తక్కువ పోసినా ఫరవాలేదు. అంచు దాటి రాశి పోసి, పైన చేత్తో తుడిచేస్తే మిగిలేది కుంచెడు మాత్రమే, పైనున్నదంతా పోతుంది. సీడీలో 32,767 ఆ అంచు వంటిది. అంతకన్న ఎత్తు లేచిన అల తల తెగి బల్లపరుపుగా మిగులుతుంది. తల తెగిన అల మన చెవికి బరబరమని, పగిలిన గొంతులాగా వినపడుతుంది. పెళ్ళి పందిట్లో మైకు మర మరీ పైకి పెట్టినప్పుడు పాట ఎలా పగిలిపోతుందో మీరు వినే ఉంటారు.

బిగ్గరగా ఉండటానికి పోటీ

ఇక కొత్త పాట అంత బిగ్గరగా ఎందుకున్నది? ఇది తమాషా అయిన సంగతి. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండవసారి రవ్వంత బిగ్గరగా పెడితే, వినేవాళ్ళు రెండవదే బాగున్నదంటారు. పాట మారలేదు, చప్పుడు మాత్రమే పెరిగింది. అయినా చెవి అలా మోసపోతుంది. ఈ రహస్యం తెలిసి, 1990 తరువాత అనేక దేశాల్లో పాటల కంపెనీలు తమ పాట పక్కవాడి పాట కన్న బిగ్గరగా ఉండాలని పోటీ పడ్డాయి.

కాని సీడీకి అంచు ఉన్నది గదా, దాన్ని మించటం ఎలా? ఎత్తుగా లేచే అలలను నొక్కేశారు. మెల్లిగా ఉన్న చోట్లను పైకి లేపారు. అప్పుడు పాట మొదటి నుంచి చివరిదాకా అంచుకు ఆనుకునే ఉంటుంది. అలల ఎత్తు మునుపటిదే, మట్టం మాత్రం పెరిగిపోయింది! 2008లో మెటాలికా అనే అమెరికా వాద్యబృందం ఒక సీడీ విడుదల చేసినప్పుడు, పాటలను ఇలా నొక్కేసి పాడుచేశారని వేలమంది అభిమానులు సంతకాలు చేసి అర్జీ పెట్టుకున్నారు.

అల ఎత్తు చూస్తే చాలదు

ఇప్పుడు పాటలను సమం చెయ్యటం ఎలాగో చూద్దాం. తాపీపనివాడు గోడ కట్టేటప్పుడు రసమట్టం పెట్టి చూస్తాడు. పాటలకు కూడా ఒక రసమట్టం కావాలి.

మొదట అందరికీ తోచే ఉపాయం ఒకటి ఉన్నది. ప్రతి పాటలోనూ అన్నిటికన్న పెద్ద అలను వెతకాలి. అది సరిగ్గా సీడీ అంచును తాకేదాకా పాటను పెంచాలి. అన్ని పాటల పెద్ద అలలూ ఒకే ఎత్తున ఉంటాయి గనక పాటలు సమమైపోతాయని అనిపిస్తుంది. చాలామంది ఇలాగే చేస్తారు. అయినా పాటలు సమం కావు!

ఎందుకు కావో ఒక ఉదాహరణ చూడండి. మచిలీపట్నానికి కొద్ది దూరంలో కూచిపూడి ఉన్నది. కూచిపూడి నాట్యానికి నట్టువాంగం తాళాలు వేస్తారు. కంచు తాళం టంగుమన్నప్పుడు ఒక్క క్షణం పెద్ద అల లేస్తుంది, మరుక్షణం అణగిపోతుంది. తాళానికీ తాళానికీ మధ్య వీణో, గొంతో మెల్లిగా సాగుతుంది. ఆ పాటలో పెద్ద అల అంచును తాకుతూనే ఉంటుంది, కాని పాట మాత్రం మెల్లిగానే ఉంటుంది. అదే తంబురా శ్రుతి చూడండి. అందులో ఎగిరిపడే అల లేదు, ఎప్పుడూ ఒకే నిండుదనం. తంబురా అల తాళం అలలో సగం ఎత్తున్నా, చెవికి అదే నిండుగా వినపడుతుంది.

మన చెవి, గిలకలదిండి సరంగు వలెనే, ఒక్క అలను చూసి మోసపోదు. అది మట్టం చూస్తుంది. కనక మనం కొలవవలసినది కూడా మట్టమే.

మట్టాన్ని కొలిచే లెక్క

మట్టం అంటే సగటు. కాని ఇక్కడ ఒక చిక్కున్నది. అల పైకి ఎంత లేస్తుందో కిందికి అంత దిగుతుంది. 7, −7, 1, −1 అనే నాలుగు అంకెలు తీసుకోండి. వీటిని కలిపితే సున్న, సగటూ సున్నే! పాట ఉన్నది, సగటు మాత్రం లేదు.

అందుకని లెక్కలవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ప్రతి అంకెనూ దానితోనే హెచ్చవేస్తారు. 7ను 7తో హెచ్చవేస్తే 49. −7ను −7తో హెచ్చవేసినా 49. మిగిలినవి 1, 1. మొత్తం 100. నాలుగుతో భాగిస్తే 25. దానికి వర్గమూలం 5. ఈ 5 ఆ నాలుగు అంకెల మట్టం. మూడు నిమిషాల పాటలో సెకనుకు 44,100 చొప్పున దాదాపు ఎనభై లక్షల అంకెలుంటాయి. మనం కూర్చుని చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది; కంప్యూటరు రెప్పపాటులో చేస్తుంది.

ఇప్పుడు మూడు పాటలు తీసుకుందాం.

నాట్యం పాట: పెద్ద అల 32,000, మట్టం 3,000.
కొత్త సినిమా పాట: పెద్ద అల 32,000, మట్టం 9,000.
నాయనమ్మ పాట: పెద్ద అల 8,000, మట్టం 1,500.

మొదటి ఉపాయం ప్రకారం పెద్ద అలలను సమం చేస్తే, నాయనమ్మ పాటను 4 రెట్లు పెంచుతాము. మిగిలిన రెండూ అలాగే ఉంటాయి. అప్పుడు మట్టాలు 3,000, 9,000, 6,000. సమమయ్యాయా? కాలేదు.

పోనీ, అన్నిటినీ కొత్త పాట మట్టానికి, అంటే 9,000కు పెంచుదామా? నాట్యం పాటను 3 రెట్లు పెంచాలి. దాని పెద్ద అల 96,000 అవుతుంది. సీడీ అంచు 32,767 దగ్గరే ఉన్నది. తాళాల తలలన్నీ తెగిపోతాయి.

ఇక మూడవ మార్గం. అన్నిటినీ 3,000 మట్టానికి తెద్దాం. నాట్యం పాటను కదిలించనక్కర్లేదు. నాయనమ్మ పాటను 2 రెట్లు పెంచితే దాని పెద్ద అల 16,000 అవుతుంది, ప్రమాదం లేదు. కొత్త పాటను మూడోవంతుకు తగ్గిస్తే దాని పెద్ద అల 10,667 అవుతుంది; ప్రమాదం అసలే లేదు. మట్టాలు మూడూ 3,000. ఏ పాటకూ తల తెగలేదు!

చూశారా? పాటలను సమం చెయ్యటమంటే మెల్లిగా ఉన్నవాటిని అరిపించటం కాదు, అరిచేవాటిని కూర్చోబెట్టటం. మొత్తం మీద సీడీ కొంచెం మెల్లిగా ఉన్నట్టుంటుంది. అందుకేమి? పాటల పెట్టెకు మర ఉన్నది. మొదట ఒక్కసారి తిప్పితే చాలు, చివరిదాకా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

చెవికి కొన్ని అలవాట్లు

చప్పుడు హెచ్చుతగ్గులను డెసిబెల్ అనే కొలతతో చెబుతారు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు నుంచి ఆ మాట వచ్చింది. అంకెను రెట్టింపు చేస్తే చప్పుడు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. కాని మన చెవికి చప్పుడు రెట్టింపయినట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి. పై ఉదాహరణలో నాట్యం పాటకూ కొత్త పాటకూ తేడా మూడు రెట్లు, అంటే దాదాపు 9.5 డెసిబెల్‌లు. తాతగారు ఉలిక్కిపడ్డారంటే ఆయన తప్పేమీ లేదు.

చెవికి ఇంకొక అలవాటు కూడా ఉన్నది. అది అన్ని శ్రుతులనూ సమానంగా వినదు. మరీ బొంగురుగా ఉండే చప్పుడు దానికి తక్కువగా వినపడుతుంది. పసిపిల్ల ఏడుపూ, ఈలా వంటివి ఎక్కువగా వినపడతాయి. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్ళు కొంతమంది చేత వినిపించుకుని దీన్ని లెక్కకట్టారు. కనక మంచి రసమట్టం చెవి అలవాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాట మధ్య నిశ్శబ్దాలను సగటులో కలపకూడదు కూడా.

ఇలాంటి కొలతకు 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక పద్ధతి నిర్ణయించింది. 2010లో ఐరోపా రేడియో, టెలివిజన్ సంస్థలు తమ కార్యక్రమాలన్నీ ఒకే మట్టంలో ఉండాలని నియమం పెట్టుకున్నాయి. అదే ఏడు అమెరికాలో, టెలివిజన్‌లో ప్రకటనలు కార్యక్రమం కన్న బిగ్గరగా ఉండరాదని ఏకంగా చట్టమే చేశారు! ఇంటర్నెట్టు మీద పాటలు వినిపించే పెద్ద కంపెనీలు కూడా ఇప్పుడు పాటలను ఒక మట్టానికి తెచ్చి వినిపిస్తున్నాయి. అంచేత పాటను నొక్కేసి బిగ్గరగా చేసినందువల్ల అక్కడ లాభం లేకుండా పోయింది.

ఇదంతా కొత్త విద్య అనుకోకండి. 1925 ప్రాంతంలో విద్యుత్తు మైకుతో రికార్డు చెయ్యటం రాకముందు, గాయకులు పెద్ద బూరా ముందు నిలబడి పాడేవాళ్ళు. గొంతు పెంచవలసి వచ్చినప్పుడు కాస్త వెనక్కు జరిగేవాళ్ళు. మెల్లిగా పాడేటప్పుడు ముందుకు వచ్చేవాళ్ళు. పెద్ద చప్పుడు చేసే వాద్యాలను దూరంగా కూర్చోబెట్టేవాళ్ళు. ఆరుబయట దూరం రెట్టింపయితే చప్పుడు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. రేడియో స్టేషన్లలో ఒక మనిషి గాజుకిటికీ వెనక కూర్చుని, మీటరులో ముల్లు చూస్తూ, చెయ్యి మర మీదనే ఉంచేవాడు. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలయింది. గుడివాడలో, దివిసీమలో రేడియో ముందు కూర్చున్న వాళ్ళు వార్తలూ, పాటలూ, నాటకాలూ ఒకే తీరుగా వినగలగాలంటే అలాంటి మనిషి ఒకడు ఉండవలసిందే.

మీరు ఎలా చెయ్యాలి?

ఆడాసిటీ అనే ప్రోగ్రాం ఒకటున్నది. దాన్ని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలుపెట్టారు. అది ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. పాట అలలు అందులో కంటికి కనపడతాయి. మట్టం సరిచెయ్యటానికి కూడా వీలున్నది. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఈ విధంగా చెయ్యండి.

మొదటిది: అసలును ముట్టుకోకండి. క్యాసెట్టు పాటను కంప్యూటరులోకి ఎక్కించాక, ఆ నకలును అలాగే ఒకచోట దాచి, దానికి ఇంకొక నకలు తీసి, పని దాని మీద చెయ్యండి. క్యాసెట్టు టేపు ఏళ్ళు గడిచినకొద్దీ పాడవుతుంది. తేమగాలి తగిలే సముద్రతీరపు ఊళ్ళలో బూజు పట్టవచ్చు కూడా. నాయనమ్మ పాటను ఎక్కించే పని మాత్రం రేపటికి వాయిదా వెయ్యకండి.

రెండవది: పాటలన్నిటినీ ఒకసారి పూర్తిగా వినండి. పెద్ద అలలు అంచు దాకా ఉండి, మట్టం మాత్రం తక్కువగా ఉన్న పాట ఏదో కనిపెట్టండి. మిగిలినవాటిని దాని మట్టానికి తీసుకురండి.

మూడవది: పాత టేపు పాటను పెంచితే దాని వెనక ఉన్న సుయ్యిమనే చప్పుడు కూడా అంతే పెరుగుతుంది. అది మరీ విసుగు పుట్టిస్తే, ఆ పాటను మట్టం కన్న కాస్త తక్కువలోనే ఉంచండి.

నాలుగవది: కంప్యూటరు చెప్పిన తరువాత చెవిని కూడా అడగండి. ఒక పాట చివర, ఇంకొక పాట మొదలు వరసగా వినండి. డప్పులను కాక పాడేవారి గొంతును పోల్చి చూడండి. గొంతు ఒకే దూరం నుంచి వస్తున్నట్టుంటే మట్టం కుదిరినట్టే.

అయిదవది: అన్నీ సరిచూసుకున్నాకనే సీడీ మీద రాయండి. ఒకసారి మాత్రమే రాసే సీడీ పైన సన్నని రంగు పొర ఉంటుంది. యంత్రంలోని లేజరు కిరణం ఆ పొరను వేడిచేసి గుర్తులు పెడుతుంది. పెట్టిన గుర్తు చెరగదు. ఇలాంటి సీడీలో 74 నిమిషాలో, 80 నిమిషాలో పడతాయి. పాత పాటలయితే ఇరవై దాకా పట్టించవచ్చు.

ఒక్క హెచ్చరిక. సమం చెయ్యటం పాటకూ పాటకూ మధ్యనే గాని, ఒక పాట లోపల కాదు. హరికథలో దాసుగారు ఒకచోట ఉరుముతారు, ఇంకొకచోట గొంతు తగ్గించి చెబుతారు. ఆ రెండిటినీ ఒకటి చేస్తే కథ చచ్చిపోతుంది. భగవద్గీత నుంచి వరసగా నాలుగు భాగాలు తీసుకుంటే, నాలుగిటినీ విడివిడిగా కాక, కలిపి ఒకే కొలతతో పెంచటమో తగ్గించటమో చెయ్యండి. అలాగే జోలపాటను సినిమా డప్పుల పాటతో సరిగ్గా సమం చెయ్యవలసిన పని లేదు. అది రెండు మూడు డెసిబెల్‌లు తక్కువగా ఉంటేనే జోలపాటలాగా ఉంటుంది.

చెవులు మళ్ళీ మొలవవు

ఇది వేడుక కోసం చేసే పని మాత్రమే అనుకోవద్దు. మరపడవ ఇంజను మోతలో పాటలు వినే మనిషిని తలచుకోండి. మెల్లిగా ఉన్న పాట మోతలో కలిసిపోతుంది గనక అతను మర పూర్తిగా పైకి తిప్పుతాడు. తరువాతి పాట చెవిలో పిడుగులాగా పడుతుంది. చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని బస్సులో వెళ్ళే మీ అన్నయ్య సంగతీ అంతే.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉన్నది. అందులో సన్నని వెంట్రుకలు గల కణాలు ఒక్కొక్క చెవికి పదిహేను పదహారు వేలు ఉంటాయి. ధ్వనిని మెదడుకు అందించేవి అవే. పెద్ద మోతకు అవి దెబ్బతిని చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. 80 డెసిబెల్‌ల చప్పుడు వారానికి 40 గంటల దాకా వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 90 డెసిబెల్‌లయితే వారానికి 4 గంటలే! పది డెసిబెల్‌లు పెరిగితే గంటలు పదోవంతుకు పడిపోయాయి. మనం పైన చూసిన రెండు పాటల తేడా దాదాపు అంతే కదా? పాటల మట్టం సరిగా ఉంటే మర అంత పైకి తిప్పే అవసరమే రాదు.

ఈ లెక్క చేసి చూడండి

మూడు పాటలున్నాయి. మొదటి దానిలో పెద్ద అల 30,000, మట్టం 2,000. రెండవ దానిలో పెద్ద అల 32,000, మట్టం 8,000. మూడవ దానిలో పెద్ద అల 12,000, మట్టం 1,000. అన్నిటినీ 4,000 మట్టానికి తేవచ్చునా? తేకూడదంటే, ఏ మట్టానికి తేవాలి? జవాబు కింద ఉన్నది. ముందు మీరు చేసి, తరువాత చూడండి.

జవాబు: 4,000 మట్టానికి తెస్తే మొదటి పాట పెద్ద అల 60,000, మూడవ పాట పెద్ద అల 48,000 అవుతాయి, రెండిటికీ తల తెగుతుంది. 2,000 మట్టానికి తెస్తే మొదటిది అలాగే ఉంటుంది, రెండవదాని పెద్ద అల 8,000 అవుతుంది, మూడవదానిది 24,000 అవుతుంది. అన్నీ అంచు లోపలే ఉంటాయి.